బాటరీ సార్ పొదుపు

మొన్న సూర్యాపేట మెయిన్ రోడ్డులో ఒక లాప్‌టాప్ కొన్నాను. బడిలో పిల్లల మార్కులు ఎక్కించడానికి. షాపతను అన్నీ సర్దిపెట్టి, ఆఖరున ఒక మాట అడిగాడు. "బాటరీ మీద నడుస్తున్నప్పుడు స్పీడ్ తగ్గించి పెట్టాల్నా మేడమ్, ఫుల్లుంచాల్నా? తగ్గిస్తే ఎక్కువసేపొస్తది." ఏదో ఒకటి చెప్పి బిల్లు కట్టి రావాల్సిన ప్రశ్న. నేను బిల్లు చేతిలో పట్టుకుని ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాను. అతను నా మొహం చూసి, "మీ ఇష్టం మేడమ్, తర్వాతనన్న మార్చుకోవచ్చు" అన్నాడు. తర్వాత మార్చుకోవచ్చన్న ధీమా నాకు ఎప్పుడో పోయింది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఒకాయన నేర్పాడు. కోదాడలో ఆయన పోయి రెండేళ్లయింది. కబురు ఆ రోజే అందింది. కోదాడ బస్సు మా ఇంటి ముందు నుంచే పోతుంది. అయినా నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన పేరు రాయను. మా ఆఫీసులో కూడా ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. ఎదురుగా సార్, వెనక బాటరీ సార్. తొంభైల చివర్లో సంగతి ఇది. సూర్యాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక స్వచ్ఛంద సంస్థ ఉండేది. ఊరూరా తిరిగి పోలియో వచ్చిన పిల్లల పేర్లు రాసుకుని, ఆపరేషన్‌తో బాగుపడే కాళ్లున్న వాళ్లను క్యాంపుకు పిలిపించడం దాని పని. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజులు. టేపు పట్టుకుని పిల్లల కాళ్లు కొలవడానికి చేరాను. నేను కొలిచి గట్టిగా చెబితే, ఆయన పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో ఎక్కించేవాడు.

ఆ లాప్‌టాప్ ఎవరో దాతలు వాడి వాడి ఇచ్చింది. నల్లగా, మందంగా, ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేలా ఉండేది. అది వచ్చిన రోజు మా ఆఫీసు పెద్ద దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఇగ కాయితాలు బంద్. అంతా కంప్యూటరే" అని ప్రకటించాడు. అచ్చు వేయించిన ఫారాలు అటకెక్కాయి. దాతలు ఫోటోలు అడిగినప్పుడల్లా తండాల్లో, గుడిసెల ముందు ఈ యంత్రం కనిపించాలి. అదీ ఆయన సరదా.

బాటరీ సార్‌కు అప్పటికి యాభై దగ్గర పడ్డాయి. ఎనభైల్లో ఆయనకు కోదాడ హైవే మీద బాటరీలు ఛార్జింగ్ చేసే కొట్టు ఉండేదట. ట్రాక్టర్ల బాటరీలు, మైకుసెట్ల బాటరీలు, కరెంటు లేని ఊళ్లలో టీవీ చూడటానికి పెట్టుకునే బాటరీలు వరసగా పెట్టి, రోజంతా వాటి మధ్య తిరిగేవాడట. ఆ కాలపు చొక్కాలు ఇంకా వేసుకునేవాడు. పొట్ట దగ్గర యాసిడ్ చుక్కలు పడి సూది మోపినంత చిల్లులు. "సార్, కొత్త అంగీ కొనుక్కోరాదుండ్రి" అంటే, "గాలాడుద్ది అమ్మాయ్" అనేవాడు. కొట్టు మూతపడ్డాక, నలభై దాటిన వయసులో, కోదాడలో కంప్యూటర్ నేర్పేచోట ఇంటర్ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాడు. వాళ్లు నవ్వారో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నవ్వే ఉంటారు.

పొద్దున బస్సు దిగి ఆఫీసుకు రాగానే ఆయన చేసే మొదటి పని నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. యంత్రం లేస్తుండగానే ఒక మీట నొక్కి పట్టేవాడు. బూడిదరంగు తెర ఒకటి వచ్చేది. అందులో వరసలు. ప్రాసెసర్ వేగం అన్నచోట ఎక్కువ తీసేసి తక్కువ పెట్టేవాడు. తెర వెలుతురు చిట్టచివరి మెట్టుకు దించేవాడు. డిస్కు ఒక్క నిమిషం పని లేకపోతే ఆగిపోవాలి. కుయ్యిమనే చప్పుళ్లు బంద్. అన్నీ అయ్యాక, మందు మోతాదు సరిచూసుకునే కాంపౌండర్ లాగా, పైనుంచి కిందికి వేలు పెట్టి మళ్లీ ఒకసారి చదువుకునేవాడు.

"ఎందుకు సార్ ఇంత చాదస్తం?" అని అడిగాను ఒకసారి.

"మనం కొట్టేది ఏంది? పేరు, తండ్రి పేరు, వయసు, నాలుగు అంకెలు. దానికి ఈ మిషన్ అంతలా ఉరకాల్సిన పనేముంది? ఉరికితే ఏడెక్కుద్ది. ఏడెక్కితే ఫ్యాన్ తిరుగుద్ది. ఫ్యాను తిరిగితే బాటరీ తింటది. నిమ్మళంగా నడిపిస్తే గంటన్నర వచ్చేది మూడు గంటలొస్తది."

నిజమే, వచ్చేది. పొద్దంతా కరెంటు లేని ఊళ్లలో మా పని నడిచిందంటే ఆ మూడు గంటల వల్లే. కాకపోతే ఆ వెలుతురుకు ఎండలో ఏమీ కనిపించేది కాదు. ఆయన తల మీద తువ్వాలు కప్పుకుని, లాప్‌టాప్‌నూ అందులోకి లాక్కుని టైపు చేసేవాడు. ఆత్మకూర్ దగ్గర ఒక ఊళ్లో ముసలామె చాలాసేపు చూసి, "అయ్యో, సారుకు జరమొచ్చినట్టుంది, జర ఆవిరి పట్టుండ్రి" అంది. నేను నవ్వాపుకోలేక టేపు వదిలేశాను. తువ్వాలు లోపలి నుంచి "ఎడమ పిక్క ఎంతన్నావ్?" అని వినిపించింది.

ఆ పొదుపు యంత్రంతో ఆగేది కాదు. ఆఫీసు స్కూటర్ మీద వేములపల్లి పోతుంటే పల్లం కనిపించగానే ఇంజన్ ఆపేసేవాడు. వెనక లారీ హారన్ కొడుతున్నా, బండి నిశ్శబ్దంగా జారుతూ, ఎక్కడ ఆగుతుందో అక్కడి దాకా పోయేది. మనుషులు గదిలోంచి బయటికి రాకముందే ఫ్యాను ఆపేవాడు. మాటలు కూడా అంతే. ఒక్కసారి మాత్రం ఆయనకు కోపం రావడం చూశాను. అన్నం తినే వేళ నేను ఆ లాప్‌టాప్‌లో పేకాట ఆడుతూ దొరికిపోయాను. అరవలేదు. ముక్కు ఎర్రబడింది. "పావుగంట తిన్నావ్ అమ్మాయ్. అంటే ముగ్గురు పిల్లలు" అన్నాడు. ఆ సాయంత్రమే పేకాటను అందులోంచి పీకేశాడు.

ఇంకొక అలవాటు ఉండేది. ఇది జాగ్రత్తగా చెప్పాలి, తర్వాత జరిగినదంతా దీని మీదే ఆధారపడి ఉంది. టైపు చేసినవి పోకుండా ఉండాలంటే డిస్కులో సేవ్ చేయాలి. సేవ్ కొట్టిన ప్రతిసారీ ఆగి ఉన్న డిస్కు గుర్రుమని లేస్తుంది. "లేవటానికే బోలెడు తింటది" అనేవాడు. అందుకని ఊరు మొత్తం అయ్యాకే ఒక్కసారి సేవ్ చేసేవాడు. దగ్గర్లో కరెంటు దొరుకుతుందనుకుంటే అదీ చేసేవాడు కాదు. మూత వేసి యంత్రాన్ని నిద్రపుచ్చి, మిర్యాలగూడ తెచ్చి, తెలిసిన రైసుమిల్లులో తూకం గది ప్లగ్గుకు తగిలించి, అప్పుడు లేపి సేవ్ చేసేవాడు. గుర్రుమన్నా ఆ ఖర్చు మిల్లు కరెంటుది, బాటరీది కాదు. నాకది గొప్ప తెలివిగా కనిపించేది. కరెంటు కోతల్లో పుట్టి పెరిగిన వాళ్లం, మాకు అలాగే కనిపిస్తుంది.

ఆ ఎండాకాలం త్రిపురారం అవతల, కాలువ నీళ్లు అందని చోట ఉన్న ఒక తండాకు వెళ్లాం. కూలికి పోయేలోపే రమ్మన్నారని పొద్దున్నే చేరాం. ఒక పందిరి కింద పిల్లలందరినీ కూర్చోబెట్టారు. ముప్పై మంది దాకా ఉన్నారు. చిన్న తండాకు అంతమందా అనుకున్నాను. కొందరు చుట్టుపక్కల తండాల నుంచి కూడా వచ్చారని తర్వాత చెప్పారు.

ఆఖరున వచ్చినది బుజ్జి. పదమూడేళ్లన్నారు. కుడి మోకాలు నిలవదు. కుడిచేత్తో తొడను వెనక్కి నొక్కి పట్టి ఒక అడుగు, వదిలి ఒక అడుగు. నేను కొలుస్తుంటే టేపు వైపు కాకుండా నా మొహం వైపే చూసింది.

"అక్కా, ఆపరేషన్ అయితే చెయ్యి తీసి నడుస్తనా?"

"నడుస్తవ్" అన్నాను.

"అయితే రెండు చేతులు ఖాళీ ఉంటయ్ గదా" అంది. అని తనలో తానే నవ్వుకుంది. రెండు చేతులతో ఏం చేస్తావని నేను అడగలేదు. వాళ్ల నాన్న లచ్చిరాం పక్కనే నిలబడి, క్యాంపు తారీకు మూడుసార్లు చెప్పించుకుని, పైకి అనుకుంటూ గుర్తుపెట్టుకున్నాడు.

బాటరీ సార్ తువ్వాలు తీసి, మూత వేసి, చెమట తుడుచుకున్నాడు. అందరూ కూలికి వెళ్లిపోయారు. రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి మిర్యాలగూడ మిల్లుకు చేరాం. ప్లగ్గు తగిలించి మూత తీశాడు. తెర నల్లగా ఉంది. మూల చిన్న దీపం మాత్రం వెలిగి ఆరుతోంది.

"కాస్త ఆగు. లేస్తది" అన్నాడు.

అరగంట దాన్ని ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాడు. మిల్లు దుమ్ము ఆయన జుట్టు మీద తెల్లగా పడుతోంది. ఆఖరుకు బటన్ నొక్కి ఆపి, మళ్లీ వేశాడు. మామూలుగా లేచింది. పాత ఊళ్లన్నీ ఉన్నాయి. ఆ పొద్దుటి తండా లేదు. ఒక్క పేరు కూడా లేదు.

జాబితా మర్నాడు పొద్దున బస్సులో డాక్టర్ల దగ్గరికి పోవాలి. తండాకు తిరిగి వెళ్లినా మనుషులు పొలాల్లో ఉంటారు, మళ్లీ వచ్చే బస్సు లేదు. "గుర్తు తెచ్చుకుందాం" అన్నాడు. ఆయన జ్ఞాపకశక్తి మామూలుది కాదు. కళ్లు మూసుకుని, పందిరి కింద ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో వరసగా చెప్పుకుంటూ పోయాడు. పేరు, తండ్రి, వయసు. కొలతలు నేను చెప్పాను. మొదట అనుమానించాను గానీ, నిజంగానే ఒక్కొక్కరూ వచ్చి ఎదురుగా నిలబడ్డట్టే గుర్తొచ్చారు. సాయంత్రమైంది. నాకు ఆకలి. సూర్యాపేట బస్సుకు టైమైంది.

"బుజ్జి, తండ్రి లచ్చిరాం, పదమూడు" అన్నాడు.

"అది రాసినం గద సార్, ఇందాకనే."

కళ్లు తెరిచాడు. "ఇద్దరు కారూ?"

"ఒక్కతే సార్. నాకు మంచిగ యాదికున్నది."

ఒక క్షణం నా వైపు చూశాడు. నమ్మాడు. సేవ్ కొట్టాడు.

నిజానికి ఇద్దరు బుజ్జిలు. ఒకే వయసు, ఒకే పేరు. తండ్రుల పేర్లూ ఒకటే. ఒకామె ఆ తండాది, ఒకామె పక్క తండాది. ఆయనకు గుర్తుంది. నాకు గుర్తు లేదు. నాకు మంచిగా గుర్తుందని చెప్పింది నేను.

క్యాంపు మిర్యాలగూడలోనే. పొద్దున తొమ్మిదికి పేర్లు పిలిచారు. బుజ్జి, లచ్చిరాం అనగానే పక్క తండా అమ్మాయిని లోపలికి తీసుకెళ్లి మంచం ఇచ్చారు. మన బుజ్జిని తండ్రి వీపు మీద మోసుకుని వచ్చేసరికి పదకొండు దాటింది. కాలువ దగ్గర బస్సు దొరకలేదట. బల్ల దగ్గర కూర్చున్నామె జాబితా చూసి, "ఈ పేరు అయిపోయిందయ్యా" అంది.

"గదేంది, మేమిప్పుడే వస్తిమి గద" అన్నాడు లచ్చిరాం. ఆయనకు కోపం కూడా రాలేదు. అర్థం కాలేదు.

బాటరీ సార్ లోపలికి మూడుసార్లు వెళ్లాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, లోపల అరవడం బయటికి వినిపించింది. మూడోసారి ఒక డాక్టర్ వచ్చి, వరండాలోనే బుజ్జి మోకాలు వంచి చూశాడు. "ఈ అమ్మాయికి తప్పకుండా చేయాలి. కానీ మూడు రోజులకు సరిపడా పేర్లు నిండిపోయాయి. వచ్చే ఏడాది క్యాంపుకు మొదటి పేరు ఈమెదే రాసుకోండి. ఎక్కువ ఆలస్యం చేయొద్దు, మోకాలు గట్టిపడిపోతుంది" అన్నాడు. మంచి డాక్టరే. వచ్చే ఏడాది ఆ క్యాంపు రాలేదు. మా సంస్థ కూడా ఏడాదిలోపే తలుపు వేసింది.

ఈలోపు బాటరీ సార్ బుజ్జిని రెండుసార్లు హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. రెండుసార్లూ తర్వాత రమ్మన్నారు. మూడోసారి లచ్చిరాం రానన్నాడు. "మూడు దినాల కూలి పోతది సారూ, ఇంట్ల ఇంక నలుగురున్నరు" అన్నాడు. తప్పు పట్టడానికి నాకు నోరెక్కడిది?

క్యాంపు రోజు తర్వాత బాటరీ సార్ ఆ బూడిదరంగు తెర ముందు కూర్చుని అన్నిటినీ మార్చేశాడు. వేగం ఎక్కువ. వెలుతురు పూర్తిగా. ప్రతి పేరుకూ ఒకసారి సేవ్. తువ్వాలు అక్కర్లేదు. ఫ్యాను రయ్యిమని తిరుగుతూ ఉండేది, గంట తిరక్కముందే యంత్రం ఆగిపోయేది. మిగతా పూటంతా అటక మీది ఫారాలు దులిపి తెచ్చుకుని చేత్తో రాసేవాడు. ఆఫీసు పెద్ద చూసి, "ఏంది సార్, కంప్యూటర్ పెట్టుకొని గీ రాతలేంది?" అన్నాడు. ఈయన ఇంకో ఫారం తీసుకున్నాడు. స్కూటర్ ఇంజన్ మాత్రం పల్లంలో ఆపుతూనే ఉన్నాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

క్యాంపు అయిన తర్వాతి ఆదివారం ఆయన తండాకు బయల్దేరాడు. ఆఫీసు పెద్ద ముందే చెప్పాడు, "మిషన్ ఖరాబైందని చెప్పుండ్రి, ఖతం. గంతకన్న ఎక్కువ మాట్లాడకుండ్రి" అని. ఈయన సంచి భుజాన వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను.

బస్సులో చెప్పాను. "సార్, తప్పు నాది. నేనే చెప్త."

"నువ్వు చెప్పేదేం లేదు అమ్మాయ్" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "అక్కడే సేవ్ కొట్టుంటే నిన్ను అడగాల్సిన పనే లేదు కదా."

ఇంకొకసారి పట్టుబడితే ఒప్పుకునేవాడేమో. నేను పట్టుబట్టలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు ప్రాణం తెరిపిన పడింది. అప్పటి నుంచీ ఆయన మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. ఆఖరి చూపుకు కూడా వెళ్లలేకపోయాను.

లచ్చిరాం ఇంటి ముందు మంచం వాల్చాడు. బాటరీ సార్ కూర్చోలేదు. లచ్చిరాం భార్య గడప మీద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. బుజ్జి తల్లి పక్కన గోడకు ఆనుకుని ఉంది. ఆయన నిలబడే చెప్పాడు. "మిషన్ తప్పు కాదు. డాక్టర్ల తప్పు కాదు. నీ కూతురి పేరు నేను ఎక్కించా, దాంట్లో పదిలం చెయ్యలేదు. చేస్తే బాటరీ అయిపోద్దని ఊరుకున్నా. పేరు పోయింది. నా వల్లే పోయింది."

ఇద్దరు బుజ్జిల సంగతి చెప్పలేదు. నా పేరు ఎత్తలేదు. నేను ఆయన వెనక, ఆయన చొక్కా చిల్లులు చూస్తూ నిలబడ్డాను.

బుజ్జి తల్లి చెరగడం ఆపింది.

"బాట్రీ అంటే ఏంది సారూ? టార్చిలైట్ల ఏస్తరు, గదేనా?"

"అట్టాంటిదేనమ్మా. కాస్త పెద్దది."

"అది అయిపోవద్దని నా బిడ్డ పేరు పెట్టలే."

"అవునమ్మా."

ఎత్తిపొడుపు కాదు, తిట్టూ కాదు. బదులుగా ఏం వచ్చిందో తెలుసుకోవాలని నిజంగానే అడిగింది. "మరి మిగిలిందా? ఎంత మిగిలింది సారూ?"

ఆ మధ్యాహ్నం మిల్లులో యంత్రం మళ్లీ లేచినప్పుడు, తండా పోయిందని నేను చూస్తుంటే, బాటరీ సార్ తెర మూల ఆ అంకె కూడా చూసి ఉంటాడు.

"నలభై నిమిషాలమ్మా" అన్నాడు.

ఆమె చాట పక్కన పెట్టి, తమ భాషలో కూతురికి ఏదో చెప్పింది. బుజ్జి కుడిచెయ్యి తొడ మీద ఆనించి లేచి లోపలికి వెళ్లింది. ఎడమచేత్తో ఒక గ్లాసు నీళ్లు తెచ్చి సార్‌కు ఇచ్చింది. మళ్లీ అలాగే ఇరవై అడుగులు వేసి లోపలికి పోయి, రెండో గ్లాసు తెచ్చి నాకు ఇచ్చింది. నేను నోరు తెరిచింది ఆ నీళ్లు తాగడానికే.